గురువారం కారు

"ఎర్రదే," అన్నాడు కళ్ళజోళ్ళ షాపాయన.

"వెండి రంగుదే," అంది ఆయన భార్య.

వాడిన కార్లు అమ్మే షోరూములో ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఎర్రది నేలకి కరుచుకుపోయినట్టుండే దూకుడు బండి. తాళం తిప్పితే పక్కవీధి కుక్కలు కూడా లేస్తాయి. వెండి రంగుది పొడుగాటి సెడాన్. అదీ వేగంలో తక్కువ తిన్నదేం కాదు గానీ, ఆ సంగతి లోపల కూర్చున్నవాళ్ళకి తెలియనివ్వదు.

"ఎర్రదాన్లో వెనకసీటు పేరుకే ఉందండీ. సంచీ పెడితే సరి!"

"మనం ఉండేది ఇద్దరమేగా?"

ఏ ఇద్దరో! అనుకుంది ఆమె.

ఆమె స్కూల్లో లెక్కల టీచరు. లెక్క తేలకపోతే నిద్రపట్టని మనిషి. ఈమధ్య మొగుడి లెక్కే తేలడం లేదు. మీసానికి రంగేస్తున్నాడు. ఫోను బోర్లా పెడుతున్నాడు. అందుకే గురువారాలు స్పెషల్ క్లాసులున్నాయని ఇంట్లో చెప్పి, స్కూలు వదలగానే వెళ్ళి ఆయన షాపు ఎదురుగా ఉన్న బేకరీలో కాపు కాయడం మొదలుపెట్టింది. మొదటివారం ఆయన బుద్ధిగా షాపులోనే ఉన్నాడు. ఎవరో ముసలాయన ముక్కు మీద కళ్ళజోడు సరిచేస్తున్నాడు. అనవసరంగా అనుమానించానే, పాపం అనుకుంది కూడా.

ఆ తర్వాతి వారం నుంచి గురువారం వస్తే చాలు, షట్టర్ కిందికి! రాత్రి అడిగితే "షాపులో ఒకటే రద్దీ" అంటాడు. అదీ కళ్ళల్లోకి చూసి మరీ చెబుతాడు. కళ్ళజోళ్ళవాడు కదా!

ఎక్కడికి పోతున్నాడు? ఎవరి దగ్గరికి? అది తేలితే గానీ ఆమెకి అన్నం సయించేలా లేదు. తేలాక కాపురం ఏమైపోతుందోనన్న భయమూ ఉంది.

ఆయన ఎర్రకారు బానెట్‌ని పసిపిల్లని నిమిరినట్టు నిమురుతుంటే, ఆమె బట్టతల సేల్స్‌మన్‌ని పక్కకి పిలిచింది.

"బండి ఎక్కడుందో ఫోన్లో కనిపిస్తుందటగా. అది దేన్లో ఉంది?"

"వెండిదాన్లోనే మేడమ్. ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది, అన్నీ చూపిస్తుంది. కాకపోతే ఒక్క ఫోనుకే పెట్టగలం."

"ఈ సంగతి మా ఆయనకి చెప్పకండి."

"నాకెందుకు మేడమ్!" అని నవ్వాడు సేల్స్‌మన్. ఆ నవ్వు ఆమెకి అస్సలు నచ్చలేదు.

నడుంనొప్పి ఆమెకి అప్పుడే మొదలైంది. ఎర్రకారు నడిపి చూద్దామని ఆయన బయల్దేరదీస్తే, గేటు దాటగానే "అమ్మో, నా నడుము!" అని మూలిగింది.

"ఇంకా స్పీడ్‌బ్రేకర్ రాలేదే!"

"రాకముందే ఇలా ఉంటే, వచ్చాక నన్ను మోసుకెళ్ళాల్సిందే."

వెండిదాన్లో ఎక్కాక ఆ నొప్పి మాయమైపోయింది. ఆయన మాత్రం అద్దంలోంచి వెనక్కి, ఎర్రదానివైపే చూస్తున్నాడు. తిరిగొచ్చాక కాగితాలు చూసొస్తానని సేల్స్‌మన్ వెంట లోపలికి వెళ్ళాడు.

బయటికొచ్చిన మనిషి వేరు.

"సరేనోయ్, నీ మాటే కానీ. వెండిదే తీసుకుందాం."

టీవీ రిమోటే వదలని మనిషి కారు వదిలేశాడా? ఇందులో ఏదో మతలబుంది అనుకుంది ఆమె.

సంతకాలయ్యాయి. ఆయన తాళం తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఇది నీకే."

"నాకా? మరి మీకు?"

"నాకు స్కూటరుందిగా. నువ్వే పాపం, గురువారాలు స్పెషల్ క్లాసులు చెప్పి బస్సుల్లో పడి వస్తున్నావు. అందులోనూ నడుంనొప్పి!"

కళ్ళల్లోకి చూసే చెప్పాడు. ఆమెకి ఒక్క క్షణం సిగ్గేసింది. కానీ అనుమానం సిగ్గుకంటే గట్టిది. ఏదో వంకన గురువారాలు బండి ఈయనకే అంటగట్టాలి అనుకుంటూ సేల్స్‌మన్ దగ్గరికి వెళ్ళి గుసగుసగా అడిగింది.

"ఇందాక చెప్పారే, అది నా ఫోనుకి పెట్టేయండి."

సేల్స్‌మన్ బట్టతల తడుముకున్నాడు. "సార్ ఫోనుకి పెట్టేశాం మేడమ్. కాగితాలు చూడ్డానికొచ్చినప్పుడు ఆయనా మీరడిగిందే అడిగారు."

తను పెట్టించుకుంటే జాగ్రత్త, ఆయన పెట్టించుకుంటే ఘోరం! ఆమెకి ఒళ్ళు మండిపోయింది. షోరూములో జనం ఉన్నారని కూడా చూడలేదు.

"నా మీద నిఘానా? దొంగే దొంగా దొంగా అని అరిచాడట! గురువారం గురువారం షట్టర్ దించేసి ఎక్కడికి పోతున్నారో ముందు మీరు చెప్పండి! ఎవర్తె అది?"

ఆయన చేతిలోని ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఈసారి ఆమె కళ్ళల్లోకి చూడలేదు.

"మీ స్కూలుకి," అన్నాడు. "క్లాసులు చెప్పి అలిసిపోయుంటావు, ఇంటికి తీసుకొద్దామని ఒకరోజు వచ్చాను. గేటుకి తాళం. అప్పట్నుంచి ప్రతి గురువారం ఆ తాళం ముందే నిలబడి, నువ్వెక్కడికి పోతున్నావో తెలియక చస్తున్నాను."