ఎవరి వాక్యం వాళ్లది

బడిపిల్లల లాప్‌టాప్‌లలో, నలుగురూ కలిసి ఒకే పేజీ మీద రాసుకునే ఎడిటర్ ఒకటి పెట్టాలి. వడపోయగా రెండు మిగిలాయి. మొదటిదాన్ని నేనూ మా టీం లీడరూ చెరో లాప్‌టాప్ ముందు కూర్చుని పరీక్షిస్తున్నాం.

‘మా ఇంటి వెనక నక్క ఉంది’ అని చిన్నపిల్లలా టైపు చేశాను. చుక్క పెట్టేలోపే ఆయన ఎర్ర కర్సర్ వచ్చి నక్కని మింగేసి కుక్కని పెట్టింది.

“నాకు నక్కే కావాలండీ.”

“ఇళ్ల వెనక నక్కలుంటాయా ఎక్కడైనా!” నవ్వారాయన.

మళ్లీ నక్క అని రాశాను. మళ్లీ కుక్క వచ్చింది. మూడోసారి నా వేళ్లు వాటంతటవే కుక్క అని కొట్టాయి.

“రెండోదే తీసుకుందామండీ. అందులో ఎవరి వాక్యం వాళ్లే దిద్దుకోవాలి. ఇందులో గడుసు పిల్లాడు రాసిందే మిగులుతుంది.”

“నీ చాదస్తం! పిల్లలు, వాళ్లే సర్దుకుంటారు.”

ఇంతలో డైరెక్టర్ మేడమ్ వచ్చారు. ఆయన్ని దాటుకుని నేరుగా నా దగ్గరికొచ్చి అడిగారు. “నువ్వు చెప్పమ్మా, ఏది బాగుంది?”

నోరు తెరిచాను.

“మా ఆవిడకీ మొదటిదే నచ్చింది మేడమ్,” అన్నారాయన.

నా తల దానంతటదే ఊగింది.