గంటల మేస్త్రి

ఊరు ఇంకా రెండు గంటల దూరం ఉందనగా ఫోనులో మెసేజీ వచ్చింది.

"ఈరోజుకి నీ డ్రైవింగ్ గంటలు అయిపోయాయి. బండి పక్కకి ఆపు."

వ్యాను డ్రైవరుకి ఒళ్లు మండింది.

పుట్టి తొమ్మిది రోజులైన కూతుర్ని అతనింకా చూడలేదు. ఏ జన్మ పుణ్యమో, అర్జెంటు లోడు సొంత ఊరికే పడింది. ఇప్పుడు ఆపితే మళ్లీ పది గంటలపాటు స్టీరింగు ముట్టుకోకూడదు. లోడు వేరే డ్రైవరొచ్చి తన బండిలో వేసుకుపోతాడు. ఆ తర్వాత ఆఫీసు ఎటు పొమ్మంటే అటే పోవాలి.

తప్పు అతనిదే. పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర లోడు కోసం పడిగాపులు కాసిన రెండు గంటల్నీ విశ్రాంతి కింద రాసుకున్నాడు. ఆఫీసు దాన్ని పని కిందే లెక్కగట్టింది.

కూతురి సంగతి రాసి బతిమాలాడు. రూలు రూలే అని జవాబొచ్చింది.

మెసేజీలు పంపే ఆ మనిషిని డ్రైవర్లెవరూ చూడలేదు, గొంతూ వినలేదు. అందరూ 'గంటల మేస్త్రి' అని తిట్టుకుంటారు.

గంట తర్వాత ఒక పెద్దాయన బస్సు దిగి వచ్చాడు. ఆఫీసు నుంచి వచ్చానని చెప్పి తాళాలు అడిగాడు.

"మీ బండేదండీ?" అన్నాడు డ్రైవరు.

"నీ బండే నడుపుతాను. నువ్వు పక్కన కూర్చో బాబూ. కూర్చోవడానికి గంటల లెక్కేం లేదుగా."

దారిలో డ్రైవరు మేస్త్రిని ఉతికి ఆరేశాడు. పెళ్లాంపిల్లల మొహం ఎరగని మనిషై ఉంటాడన్నాడు. పెద్దాయన నవ్వుతూ విన్నాడు. అరగంట తిరక్కుండానే డ్రైవరు గుర్రు పెట్టాడు.

లోడు వేళకి దిగింది. పెద్దాయన బండిని డ్రైవరు ఇంటి ముందు ఆపి, తాళాలు చేతిలో పెట్టాడు. లోపలికి రమ్మనైనా అనకుండా డ్రైవరు మెట్లెక్కేశాడు.

పాప తండ్రిని చూసి హాయిగా ఆవులించింది. అతనికి కడుపు నిండిపోయింది.

అప్పుడు సిగ్గేసింది. కిందికి పరుగెత్తాడు, పెద్దాయన లేడు. ఆఫీసుకి ఫోను చేస్తే ఎవరో అమ్మాయి ఎత్తింది. వచ్చిన స్పేర్ డ్రైవరు నంబరు కావాలని అడిగాడు.

"స్పేర్ డ్రైవర్లెవరూ దొరకలేదండీ," అందా అమ్మాయి. "మీ పాప సంగతి చదివి, మీకు రోజూ మెసేజీలు పంపే సారే పూట సెలవు పెట్టి వచ్చారు."