ఖాళీ బకెట్‌తో వచ్చిన దొంగ

నాయనలారా, కదలబోతున్న కారును ముక్కుతో ఆపిన బాతును మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నన్ను చూడండి!

మా రత్తాలమ్మ ఆ కారును కిరాయికి తిప్పితేనే మా పెరట్లో అందరికీ తిండి. రోజూ పొద్దున్నే ఖాకీ చొక్కా వేసుకున్న వీరాస్వామి బకెట్‌ నిండా నీళ్లతో వచ్చి కారు కడిగేవాడు. అతను లోపల కూడా తుడవాలని రత్తాలమ్మ తాళంచెవిని గుమ్మం పక్కన మేకుకే తగిలించి ఉంచేది. కడిగే ముందు నా మూకుడులో నీళ్లు పోయడం అతని అలవాటు.

ఒకరోజు అలాంటి చొక్కాతోనే, బకెట్ పట్టుకుని వేరేవాడొచ్చాడు. కాపలా కుక్క శూరయ్య తోక ఊపాడు. నేను మూకుడు దగ్గర నిలబడ్డాను. వాడు నన్ను దాటుకుని నేరుగా మేకు దగ్గరికి నడిచాడు. బకెట్‌లోకి తొంగి చూస్తే చుక్క నీరు లేదు!

"శూరయ్యా, వీడు దొంగరా!" అన్నాను.

"ఊరుకో తాతా! నీకు నీళ్లు పోయకపోతే దొంగేనా? ఆ చొక్కా కనబడటం లేదూ?" అన్నాడు శూరయ్య.

అప్పటికే వాడు తాళంచెవి తీసి కారు తలుపు తెరిచాడు. నేనొక్క అరుపు అరిచాను. మబ్బులు పక్కకు తప్పుకున్నాయి, మూడు వీధుల అవతల బస్సు ఆగిపోయింది! ఎగిరి వాడి పిక్క పట్టుకున్నాను. రత్తాలమ్మ చీపురుతో పరుగెత్తుకొచ్చింది. వాడు తాళంచెవి వదిలేసి గోడ దూకి పారిపోయాడు.

శూరయ్య చెవులు వాల్చుకుని వచ్చాడు. "తప్పయింది తాతా. రేపట్నుంచి గేటు దగ్గర నువ్వు కూడా కూర్చుంటావా?"

"నేను కూడా ఏమిట్రా? గేటు నాది. కావాలంటే నువ్వొచ్చి నా పక్కన కూర్చో!"