చావులేని గిటారు

"అచ్చం ఇలాంటిదే ఇంకొకటి చెయ్యగలవా మేస్త్రీ?"

మ్యూజియం ఆఫీసరు గొంతు తగ్గించి అడిగాడు. గిటార్లు చేసి, బాగుచేసే ఆ దుకాణంలో ఉన్నది ఇద్దరే. అయినా గోడలకు చెవులుంటాయని ఆయన భయం. ఇద్దరి మధ్యా బల్ల మీద ఎర్రటి గిటారు ఒకటి తీగలు విప్పేసి ఉంది.

దాన్ని ఎరగని వాళ్లు లేరు. అభిమానులు "పిడుగు" అని పిలుచుకున్న రాక్ గాయకుడు నలభై ఏళ్లు దాన్ని భుజాన వేసుకునే పాడాడు. ఆ గిటారు ఒకసారి వ్యాను మీంచి జారిపడింది. ఒకసారి స్టేజీ కూలి దాని కింద నలిగింది. ఇంకోసారి వరదలో కొట్టుకుపోయి దొరికింది. ప్రతిసారీ మేస్త్రి దగ్గర నాలుగు వారాలుండి మళ్లీ మోగింది. అందుకే జనం దాన్ని చావులేని గిటారు అన్నారు.

పిడుగు పోయి వారమైంది. నెల తిరిగేలోగా గిటారును కాల్చి, ఆ బూడిదను తన బూడిదలో కలపమని చెల్లెలి దగ్గర మాట తీసుకుని మరీ పోయాడు. కాల్చే ముందు కొత్త తీగలు కూడా వేయించమన్నాడట. అందుకే ఆమె దాన్ని తెచ్చి మేస్త్రికి అప్పగించింది.

"చెయ్యగలను," అన్నాడు మేస్త్రి, కళ్లజోడు తుడుచుకుంటూ. "నాకది వెన్నతో పెట్టిన విద్య."

"అయితే నకలు ఆవిడకిచ్చి కాల్పించు. అసలుది నాకివ్వు. ఇంత చరిత్రను కట్టెల్లో పెట్టడం పాపం కాదూ?"

"మ్యూజియంలో ఆవిడ చూస్తే?"

"పైకి నకలు అనే బోర్డు పెడతాం. ఆవిడ కాలం చేశాక బోర్డు మారుస్తాం."

"బాగుంది సార్. పాము చావదు, కర్ర విరగదు."

ఆఫీసరుకు ఇంకా అనుమానం తీరలేదు. గిటారు మెడ చివర వేలు పెట్టి చూపించాడు. "ఈ సిగరెట్ మచ్చ ఎలా తెస్తావు?"

"సిగరెట్‌తోనే. డాక్టరు మానమన్నాడు గానీ, పనికోసం ఒకటి వెలిగిస్తాను."

"వెనకవైపు ఈ బెల్టు గీతలు?"

మేస్త్రి సొరుగు లాగి ఇత్తడి బకిలున్న తోలు బెల్టు బయటికి తీశాడు. "ఇది పిడుగుదే. పాతదైతే నాకిచ్చాడు లెండి."

"కొలతలు తీసుకోవా?"

"దీన్ని ఎన్నిసార్లు చేతుల్లోకి తీసుకున్నానని! కళ్లు మూసుకుని గీస్తాను."

ఆఫీసరు మురిసిపోతూ వెళ్లాడు. తన తెలివికి తనే వీపు తట్టుకునే రకం ఆయన.

ఇరవయ్యో రోజుకు బల్ల మీద రెండు గిటార్లున్నాయి. ఆఫీసరు వాటిని తిప్పి తిప్పి చూశాడు. గీతలు లెక్కపెట్టాడు, వాసన కూడా చూశాడు.

"నాకు తల తిరుగుతోంది. ఇందులో ఏది ఏదయ్యా?"

మేస్త్రి కుడిపక్క దాన్ని పెట్టెలో సర్ది చేతికిచ్చాడు. "ఇది మీది సార్. జాగ్రత్తగా తీసుకెళ్లండి."

రెండోది మర్నాడు పొద్దున్నే చెల్లెలి పెరట్లో కట్టెల మీదికి చేరింది. ముందు రంగు పొంగింది. తర్వాత తీగలు ఒక్కొక్కటే తెగిపోయాయి. పిడుగుతో నలభై ఏళ్ల స్నేహం గుర్తొచ్చి మేస్త్రికి ఏడుపు ఆగలేదు. ప్రహరీ పక్కన నిలబడ్డ ఆఫీసరు దగ్గరికొచ్చి, "నకలుకి ఇంత ఏడుపా! నాటకాల్లో చేరాల్సింది నువ్వు," అని గుసగుసలాడి పోయాడు.

వారం తిరక్కుండా చెల్లెలు దుకాణానికొచ్చింది. మొహం వాడిపోయి ఉంది.

"మ్యూజియంలో చూశాను మేస్త్రిగారూ. నకలు అని బోర్డు ఉంది. కానీ ఆ ఆఫీసరు కళ్లలో మెరుపు చూస్తే నా గుండె జారిపోయింది. నిజం చెప్పండి, నేను కాల్చింది ఏది? అన్నయ్య పుట్టి బుద్ధెరిగాక నన్ను అడిగింది ఆ ఒక్కటే. అదీ చెయ్యలేకపోయానా?"

మేస్త్రి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఒట్టేసి చెప్తున్నా చెల్లెమ్మా. మీ అన్నయ్య ఆఖరి కచేరీలో వాయించిందే కాలింది. ఆఫీసరు నన్ను నకలు చెయ్యమన్నాడు, చేసి ఆయనకే ఇచ్చాను. బోర్డు మీదున్నది అక్షరాలా నిజం."

ఆమె కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "రేపు ఆయన కనిపెడితే?"

"కనిపెట్టి ఎవరితో చెప్పుకుంటాడు? దొంగకు తేలు కుట్టినట్టే కదా!"

"అన్నయ్య ఎందుకు కాల్చమన్నాడో మాత్రం నాకిప్పటికీ అంతుబట్టదు. అది పరీక్షలు చేసేవాళ్ల చేతిలో పడకూడదని మరీ మరీ చెప్పాడు."

"దానిమీద మమకారం అలాంటిది."

"అవును. మొదటి జీతంతో కొనుక్కున్నాడు. ఎందరు ఎన్ని కొత్తవి తెచ్చిచ్చినా ఆ ఒక్కదాన్నే నమ్ముకున్నాడు. చివరికి తనతోనే తీసుకుపోయాడు."

మేస్త్రి లేచాడు. మంచినీళ్లిచ్చి, గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. ఆమె తేలికపడ్డ మనసుతో నడిచి వెళ్తుంటే అతనికి తృప్తిగా అనిపించింది. పిడుగు కోరిక తీరింది, చెల్లెలి మాట నిలబడింది. వేసిన ఒట్టులోనూ అబద్ధం లేదు.

కాకపోతే, కాలింది అతను చేసిన మూడో నకలు.