నాన్న తువ్వాల

యానిమేషన్ కోర్సులో మొదటి పని, ఒక మనిషిని నడిపించడం. వారమంతా కరుణకు ఏమీ తోచలేదు. చివరికి నాన్న మట్టయ్య గుర్తొచ్చాడు. మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాలు మోసి మోసి పోయినేడు చనిపోయాడు.

ఆ రాత్రి లాప్‌టాప్ తెర మీద నాన్న వీపున బస్తాతో నడవసాగాడు. అడుగు పడగానే మోకాలు వంగడం, మెడ ముందుకు సాగడం, అన్నీ ఆయనవే. ఆ రోజుకు మిల్లు బందయింది. వాడలో చప్పుడు లేదు.

అమ్మ జానమ్మ కళ్లార్పకుండా చూసింది.

"అచ్చం మీ నాయనే! ఎవలు నేర్పిండ్రే నీకు?" వాడంతటినీ పిలిచి చూపించాలన్నంత సంబరం ఆమె గొంతులో. "గని భుజం మీద తువ్వాల మరిసిపోయినవ్ బిడ్డా."

నిజమే. తువ్వాలకు పట్టిన తౌడు గడప బయట దులపనిదే నాన్న ఇంట్లోకి వచ్చేవాడు కాదు.

తువ్వాల గీద్దామని కరుణ పెన్ను తీసుకుంది. ఆగకుండా నడవాల్సిన బొమ్మ ఆగి ఉంది. వీపు మీద బస్తా లేదు.

బయట ఏదో బరువు ధబ్బున నేల మీద పడింది. తర్వాత తువ్వాల దులిపిన చప్పుడు. కాసేపాగి, ఇంకోసారి.

కరుణ పెన్ను వదిలేసి అమ్మ వెనక్కి జరిగింది. అమ్మ మాత్రం చెంగుతో ముఖం తుడుచుకుని, లాప్‌టాప్‌ను వాకిలి వైపు తిప్పింది.

"భయమెందుకే? బిడ్డ పని సూడనీకి వచ్చిండు. తలుపు తియ్యి."