చిన్న బండి లేటు

"ఓలె ఎర్రమ్మా, ఇంజను మీంచి సెయ్యి తియ్యి!" రిటైర్డు గార్డు దాలయ్య అరిచాడు.

టెక్కలి ఎగ్జిబిషన్లో బొమ్మల పోటీ. బల్ల మీది నౌపడ స్టేషన్లో బొమ్మ రైలు ఆగిపోయింది. నిరుడు పట్టాలు పీకేసిన నారోగేజి చిన్న బండిని దాలయ్య రేకుతో చేశాడు. పక్కన నిజం ఉప్పుతోనే ఉప్పుమడులు పోశాడు. పాత టైంటేబులుకు నిమిషం తేడా రాకుండా నడపడానికి ఏడాది పట్టింది. తీరా మార్కులేసే హెడ్మాస్టరు గడియారం చూస్తుండగా, ఎండుచేపలమ్మే ఎర్రమ్మ అరచెయ్యి అడ్డం పెట్టేసింది.

"నానెక్కకుండా ఏ పొద్దు కదిలింది బావా నీ బండి? ఇరవయ్యేళ్లు పచ్చజెండా సంకలో ఎట్టుకుని నా గంప ఎత్తింది నువ్వు కాదేటి?"

"అది రూలు కాదే! కరెట్టు టైమంటే ఇదీ."

"అయితే ఇది మన బండి కాదు."

రూలు పుస్తకం మింగినవాడిలా ఉన్న దాలయ్య బొమ్మ ప్లాట్‌ఫారం వంక చూశాడు. దాని మీద ఒక్క మనిషీ లేడు.

"మూడు నిమిషాలు లేటయిందయ్యా, మార్కులు పోతాయి," అన్నాడు హెడ్మాస్టరు.

దాలయ్య స్విచ్చి కట్టేశాడు.

"ఇంకో రెండు రాసుకోండి బాబూ. గంప ఇంకా ఎక్కనేదు."