కంటి ఎత్తు

అమ్మను ఒంటరిగా వదలనని అన్నయ్య మాటిచ్చాడు. అమ్మకు వచ్చింది అంటుజ్వరం. పొద్దున నేను, సాయంత్రం ఆయన మంచం పక్కనే స్టూలు మీద కూర్చోవాలని ఒప్పందం. ఇద్దరం డ్రాయింగు మాస్టార్లం. చేతులు ఊరుకోక అమ్మనే గీసేవాళ్లం.

అమ్మ ఆయన వంతులో పోయింది.

నలభై ఏళ్లకు ఆయన గీసిన బొమ్మ మీద స్కేలు పెట్టాను. మంచం పట్టెలను పొడిగిస్తే గీతలు ఎక్కడ కలుస్తాయో, అదే గీసినవాడి కంటి ఎత్తు. అవి కిటికీ పైకమ్మీ దగ్గర కలిశాయి. కూర్చున్నవాడి కళ్లు అంత ఎత్తున ఉండవు. పైగా మంచం కాళ్లతో సహా మొత్తం బొమ్మలో పట్టింది; ఆ గదిలో అంత దూరం గుమ్మం దగ్గరే.

బొమ్మ పట్టుకుని వెళ్లి అడిగాను. "స్టూలు మీద కూర్చున్నానన్నావు. గుమ్మంలో నిలబడి గీశావు కదూ?"

"భయమేసిందిరా," అన్నాడు అన్నయ్య. బొమ్మ నా చేతికి తిరిగిచ్చి, "మహా మొనగాడివి! నీ బొమ్మ మీద పెట్టి చూశావా స్కేలు?" అన్నాడు.

చూశాను. ముందు దాని మీదే పెట్టాను. రెండు బొమ్మల్లోనూ అదే ఎత్తు, అదే గుమ్మం. రెంటిలోనూ అమ్మ చెయ్యి మంచం దాటి మావైపే చాచి ఉంది.

అయినా నేను క్షమించనిది అన్నయ్యనే. ఆ స్కేలు పెట్టడం నాకు నేర్పింది ఆయనే.